కంప్యూటరునందలి సంకేతములు: వాని సంస్కరణము

తరగతిలో లెక్క చేయుచున్న విద్యార్థికి ప్రధానోపాధ్యాయుని యొద్దనుండి బంట్రోతు చీటి తెచ్చెననుకొందము. విద్యార్థి తాను విడిచిన పంక్తియొద్ద గుర్తు పెట్టి పోయి, చెప్పిన పని ముగించుకొని వచ్చి, ఆ పంక్తినుండియే లెక్క సాగించును. గుర్తు తప్పెనా, లెక్కయంతయు తప్పును. కంప్యూటరునందును ఇట్టి వ్యవహారమే నిత్యము జరుగుచున్నది.

ఆపరేటింగు సిస్టమునకు హృదయము వంటిది కెర్నెలు. అది పనిచేయుచున్న ప్రోగ్రామునకు పంపు చీటికే సిగ్నలు, అనగా సంకేతమని పేరు. యూనిక్సు, లినక్సులందు కంట్రోలు, సి అను మీటలను కలిపి నొక్కినచో 2వ సంకేతము పోయి ప్రోగ్రామును ఆగుమని కోరును. ఆ సంకేతము వచ్చినపుడు ఏమి చేయవలెనో ప్రోగ్రాము ముందే ఏర్పాటు చేసికొనవచ్చును. 9వ సంకేతమును మాత్రము ఏ ప్రోగ్రామును తిరస్కరింపజాలదు.

తొలినాటి యూనిక్సునందు ఒక లోపముండెను. 1979 నాటి ఏడవ కూర్పులో సంకేతము వచ్చినతోడనే ప్రోగ్రాము చేసికొనిన ఏర్పాటు రద్దగుచుండెను. దానిని మరల నెలకొల్పులోగా అదే సంకేతము రెండవసారి వచ్చినచో ప్రోగ్రాము హఠాత్తుగా నశించుచుండెను. ఆ వ్యవధి రెప్పపాటుకంటె తక్కువయే. అయినను ఆపద ఆపదయే. 1983లో వెలువడిన బర్క్లీ 4.2 కూర్పు, మొదటి సంకేతపు పని ముగియువరకు రెండవదానిని వాకిట నిలుపు పద్ధతిని ప్రవేశపెట్టెను. 1988 నాటి పోసిక్సు ప్రమాణమును అట్టి పద్ధతినే స్వీకరించెను.

1991లో పుట్టిన లినక్సు క్రమముగా ఇంటెలు, ఆర్మ్, మిప్స్, స్పార్క్ మొదలగు పలు ప్రాసెసర్లపై నడువసాగెను. ఒక్కొక్కదానికి సంకేతముల భాగము వేఱుగా నుండెను. ఒకదానిని చూచి మఱియొకటి వ్రాయుటయు గలదు. అందుచే దోషములును వ్యాపించెను.

అందొకటి వినుడు. ప్రోగ్రాము కెర్నెలును ఏదేని కోరి వేచియుండగా సంకేతము వచ్చెననుకొనుడు. అటుపిమ్మట ఆ కోరికను మరల కోరుటకై కెర్నెలు ప్రోగ్రాము గుర్తును ఒక్క అడుగు వెనుకకు జరుపును. ఇది న్యాయమే. కాని రెండు సంకేతము లొక్కమాఱే వచ్చినచో, కొన్ని ప్రతులు గుర్తును రెండుసారులు జరుపుచుండెను. రెండవసారి జరుగునది మొదటి సంకేతపు పనికి ఆరంభస్థానము! అంతట ఆ పని తన మొదటికి ముందున్న, సంబంధములేని చోటనుండి ప్రారంభమగును. ఇట్టి తప్పు అరుదుగా కనబడును గాన పట్టుట మిక్కిలి కష్టము.

2012లో ఆల్ వీరో మొదలగువారు ఈ ప్రతులను పోల్చి చూచి, దోషములను దిద్ది, అన్నిటికి సామాన్యమైన భాగమును ఒక్కచోట చేర్చిరి. దీనివలన కంప్యూటరునకు క్రొత్త విద్య యేదియు రాలేదు. కాని ఆ సామాన్యభాగమున తప్పు కనబడినపుడు ఒక్కచోట దిద్దిన చాలును.

సోదర విద్యార్థులారా! ఒకని పలకలోని తప్పును నలుగురు చూచి వ్రాసికొనినచో, దిద్దవలసిన తప్పులు అయిదగును. చూచి వ్రాయుట సులభము. అర్థము చేసికొని వ్రాయుటయే మేలు.