ఆకాశరామన్న మెయిలుకు జల్లెడ

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఆ పనుల మస్టరులో దొంగ పేర్లున్నట్టు ఉరవకొండ పక్క పల్లెలో ఒక కూలీ గమనించాడనుకుందాం. పేరు పెట్టి రాస్తే రేపటినుంచి పనికి పిలవరేమోనని భయం. ఇలాంటివాళ్ల కోసమే ఆకాశరామన్న ఉత్తరాలు పుట్టాయి. అదే ఉత్తరం ఈమెయిల్‌గా వస్తే, చెత్త ప్రకటనల్లోంచి దాన్ని ఏరేదెట్లా?

చెత్త మెయిలు పాతదే. 1978 మే 3న గ్యారీ థ్యూర్క్ అనే అమ్మకాల ఉద్యోగి దాదాపు 400 మందికి ఒకేసారి కంప్యూటర్ల ప్రకటన పంపాడు. పేరు దాచే మెయిలు సేవ తర్వాత వచ్చింది. ఫిన్లండ్‌లో యోహాన్ హెల్సింగియస్ 1993లో మొదలుపెట్టిన పెనెట్ సర్వరు, పంపినవారి చిరునామా తీసేసి ఒక నంబరు తగిలించేది. ఏ నంబరు ఎవరిదో చెప్పే పట్టిక మాత్రం ఆయన దగ్గరే ఉండేది. 1995లో పోలీసులు అందులోంచి ఒకరి చిరునామా రాబట్టారు. మరుసటి ఏడాది ఆగస్టులో ఆయన సేవనే మూసేశాడు.

ఆ తర్వాతి తరం సర్వర్లు పట్టికే ఉంచుకోలేదు. మెయిలుకు తాళం వేసి యంత్రం నుంచి యంత్రానికి దాటించాయి. కూలీకి రక్షణ దొరికింది, కానీ దొంగ ప్రకటనదారుకూ అదే రక్షణ. పంపినవాడెవడో తెలియనప్పుడు ఎవర్ని ఆపాలి?

దీనికి ఆడమ్ బ్యాక్ 1997లో చెప్పిన ఉపాయం నాకు చాలా ఇష్టం. దాని పేరు హ్యాష్‌క్యాష్. మెయిలు పంపే ముందు మీ కంప్యూటరు ఒక లెక్క చెయ్యాలి. సగటున పది లక్షల సార్లు ప్రయత్నిస్తేగానీ జవాబు దొరకదు, సరిచూడటానికి మాత్రం ఒక్కసారి చాలు. ఒక్కో మెయిలుకు ఒక సెకను పడితే కూలీకి అదొక లెక్క కాదు. పది లక్షల మెయిళ్లు పంపేవాడి యంత్రం మాత్రం పదకొండు రోజులకు పైగా తిరగాలి. పేరు అడగకుండానే దుర్మార్గానికి ధర పెట్టడమంటే ఇదే. అయితే వైరస్‌తో లొంగదీసుకున్న పరాయి కంప్యూటర్లచేత ఆ లెక్క చేయించడం మోసగాళ్లకు సాధ్యమే. అందుకే ఇదొక్కటే చాలదు.

అందుకునే చోట ఇంకో జల్లెడ ఉంది. 2002లో పాల్ గ్రాహం ఒక్కో మాట చెత్త మెయిళ్లలో ఎన్నిసార్లు వచ్చింది, మంచివాటిలో ఎన్నిసార్లు వచ్చింది అని లెక్కగట్టాడు. తేడా బాగా చూపే మాటలను కలిపి చూస్తే సంభావ్యత 0.9 దాటితే చెత్త కింద లెక్క. ఎన్నడూ చూడని మాటకు ఆయన ఇచ్చింది 0.4, అంటే కొంచెం అమాయకమైనదేనని. ఇంగ్లీషు మెయిళ్లు మాత్రమే చూసిన ఆ జల్లెడకు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన ‘ఉరవకొండ’ కనబడితే దానికీ అంతే. తెలియని మాటను దోషిగా చూడకపోవడం గొప్ప న్యాయం.

అయినా ఏ జల్లెడైనా పొరబడుతుంది. అనుమానం వచ్చిన మెయిలును చెరిపెయ్యకుండా పక్కన పెట్టడమే సరైన పద్ధతి. ఫిర్యాదులు తీసుకునే ప్రతి కార్యాలయంలో వారానికొకసారైనా ఎవరో ఒకరు స్పామ్ పెట్టె తెరిచి చదవాలి.