లెదర్ కుట్టు కింద దారం ఉచ్చులు పడుతోందా? ముందు పైదారం చూడండి

ఉమ్రాకో, గల్ఫ్‌కో బయల్దేరినవాళ్ల సామాను బరువంతా బ్యాగు పట్టీ మీదే ఉంటుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు దగ్గర్లోని తొండుపల్లిలో కుట్టిన పట్టీ ఎయిర్‌పోర్టు లైన్లో ఊడితే ఇబ్బంది ప్రయాణికుడిది, చెడ్డపేరు కుట్టినవాళ్లది.

కింద ఉచ్చులు కనిపించగానే చాలామంది బాబిన్ కేసు స్క్రూ తిప్పేస్తారు. కానీ సాధారణంగా అది పైదారం వదులైందనే గుర్తు. ఫుట్ దించి దారం ఎక్కిస్తే అది టెన్షన్ బిళ్లల మధ్యకు సరిగ్గా పోదు. అందుకే ఫుట్ ఎత్తి, దారమంతా తీసి మళ్లీ ఎక్కించండి. తర్వాత ఫుట్ దించి దారం లాగండి. బిగువుగా రావాలి. తేలిగ్గా వస్తే బిళ్లల మధ్య దారం ముక్క ఇరుక్కుందేమో చూడండి.

తర్వాత స్విచ్ ఆపి సూది చూడండి. లెదర్ బట్టలా సాగదు, ముడి సూది చేసిన రంధ్రంలోకే రావాలి. 69 నంబరు నైలాన్ దారానికి 18 నంబరు సూది, 138కి 22 సరిపోతాయి. సూది సన్నగా ఉంటే ముడి కిందే ఆగిపోతుంది. చూడ్డానికి టెన్షన్ తప్పులాగే ఉంటుంది.

అప్పటికీ కుదరకపోతే పై టెన్షన్ కొద్దికొద్దిగా బిగిస్తూ, అదే మందం ఉన్న వేస్టు ముక్క మీద కుట్టి చూడండి. బాబిన్ దారం పైకి తేలితే పైదారం మరీ బిగిసినట్టు, కాస్త వదలండి. బాబిన్ స్క్రూ జోలికి చివర్లోనే వెళ్లండి. అది ఎక్కడుందో ముందు గుర్తు పెట్టుకుని, పావు చుట్టు కన్నా తక్కువే తిప్పండి.

ముడి రెండు పొరల మధ్య దాగితే కుట్టు కుదిరినట్టే. గిరాకీ బ్యాగు అప్పుడే ముట్టుకోండి.