లోతు తెలియనివ్వని ఊపిరి

1942 చివర్లో పారిస్ జర్మన్ల ఆక్రమణలో ఉంది. పెట్రోలు కరువై కార్లు గ్యాస్‌తో నడుస్తున్నాయి. ఇంజిన్‌కు ఎంత కావాలో అంతే గ్యాస్ వదిలే చిన్న వాల్వ్‌ను ఎయిర్ లిక్విడ్ కంపెనీ ఇంజనీరు ఎమిల్ గాన్యా తయారుచేశాడు. నీటి అడుగున ఈదే దారి వెతుకుతున్న నౌకాదళ అధికారి జాక్ కూస్తోకు తను కోరుకున్నది ఆ వాల్వ్‌లోనే దొరికింది.

అడిగినప్పుడే గాలినిచ్చే పరికరాన్ని రూకెరోల్, దెనెరూజ్ అనే ఫ్రెంచివాళ్లు 1860లలోనే చేశారు. కానీ గాలిని గట్టిగా కుదించి పట్టే సిలిండర్లు అప్పట్లో లేవు. కూస్తో, గాన్యాల తొలి నమూనా కూడా మార్న్ నదిలో మొరాయించింది. నిటారుగా ఉంటే గాలి వృథాగా పోయేది. తలకిందులైతే ఊపిరి అందేది కాదు. వదిలిన గాలి బయటకు పోయే దారిని, గాలి అందించే రబ్బరు పొర పక్కకే మార్చడంతో లోపం తీరింది. 1943 వేసవిలో మధ్యధరా తీరాన వాళ్ల పరికరం ఆక్వాలంగ్ పనిచేసింది. నేటి స్కూబా రెగ్యులేటర్ దాని సంతానమే.

దాని పనితనమంతా ఆ రబ్బరు పొరలోనే ఉంది. పొరకు ఒకవైపు సముద్రం, మరోవైపు మన ఊపిరి. గాలి పీల్చగానే పొర లోపలికి వంగి మీటను నొక్కుతుంది, వాల్వ్ తెరుచుకుంటుంది. రెండువైపులా పీడనం సమానం కాగానే మూసుకుంటుంది. ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతున్నా, గాలి కూడా అదే పీడనంతో అందుతుంది కాబట్టి ఛాతీకి బరువు తెలియదు.

ప్రమాదం ఇక్కడే ఉంది. 40 మీటర్ల దగ్గర పీడనం ఉపరితలం కంటే 5 రెట్లు. ప్రతి శ్వాసలోనూ 5 రెట్ల గాలి ఖర్చవుతుంది. నిమిషానికి 20 లీటర్ల చొప్పున పైన రెండు గంటలు వచ్చే సిలిండర్ అక్కడ 24 నిమిషాల్లో ఖాళీ. గాలిలోని నైట్రోజన్ 30 మీటర్లు దాటాక మెదడుకు మత్తెక్కిస్తుంది. ఆ మత్తులో భయం పోతుంది, గేజ్ చూడాలన్న ధ్యాస కూడా పోతుంది. ఇంకా దిగితే ఆక్సిజనే విషమవుతుంది. 66 మీటర్ల దగ్గర దాని పాక్షిక పీడనం 1.6 వాతావరణాలకు చేరుతుంది, ఏ సూచనా లేకుండా మూర్ఛ రావచ్చు. కంగారుగా పైకి వస్తే రక్తంలో, కణజాలంలో కరిగిన నైట్రోజన్ బుడగలై కీళ్లనూ వెన్నుపామునూ దెబ్బతీస్తుంది.

1947 సెప్టెంబరులో తూలోన్ దగ్గర కూస్తో బృంద సభ్యుడు మారిస్ ఫార్గ్ లోతును పరీక్షించడానికి దిగాడు. తాడు వెంట అక్కడక్కడా కట్టిన పలకల్లో, తను చేరిన చోటి పలకపై సంతకం చేయాలి. అంతా బాగుందని తాడు లాగి చెబుతూ వెళ్లాడు. కాసేపటికి ఆ సంకేతాలు ఆగిపోయాయి. పైకి లాగేసరికి మౌత్‌పీస్ నోట్లో లేదు. ఆయన సంతకం సుమారు 120 మీటర్ల దగ్గరి పలకపై ఉంది. గంటల తరబడి ప్రయత్నించినా ప్రాణం దక్కలేదు.

అందుకే ప్రాథమిక శిక్షణ పొందినవారికి 18 మీటర్లు, పైస్థాయి శిక్షణ తర్వాత కూడా వినోద డైవింగ్‌కు 40 మీటర్లు హద్దుగా పెట్టారు. అంతకు మించి దిగేవాళ్లకు హీలియం కలిపిన వాయువులు, వేరే శిక్షణ, ఆగి ఆగి పైకి వచ్చే ప్రణాళిక కావాలి. ఊపిరి హాయిగా ఆడుతోందంటే వాల్వ్ పనిచేస్తోందని మాత్రమే అర్థం. మనం క్షేమమని కాదు. హద్దును ఒడ్డున ఉన్నప్పుడే, తల తేటగా ఉన్నప్పుడే నిర్ణయించుకోవాలి. దిగాక ఆ నిర్ణయాన్ని మార్చకూడదు.