దుర్యోధనుడి పాదాలు

మ్యూజియంలో విగ్రహం ముందు నిలబడితే మన చూపు మొహం మీదికే పోతుంది. కంబోడియా శిల్పాల విషయంలో మాత్రం ముందు కాళ్లు చూడాలి.

ఆ దేశపు ఉత్తర భాగంలో అడవి మధ్య కో కేర్ ఉంది. క్రీ.శ. 928 నుంచి 944 దాకా, అంటే గట్టిగా ఒక్క తరం కూడా కాదు, ఖ్మేర్ రాజులకు ఇదే రాజధాని. ఇక్కడి ప్రసాత్ చెన్ గుడిలో శిల్పులు గదాయుద్ధ ఘట్టాన్ని గోడ మీద చెక్కి ఊరుకోలేదు. భీముణ్ని, దుర్యోధనుణ్ని ఎదురెదురుగా, విడివిడి ఇసుకరాతి విగ్రహాలుగా నిలబెట్టారు. చుట్టూ పోరు చూసేవాళ్లను కూర్చోబెట్టారు. దుర్యోధనుడు మోకాళ్లు వంచి, ఎగిరి దూకబోయే ముందు క్షణంలో ఉంటాడు. సుయోధనుడంటే ఎన్టీఆరే గుర్తొచ్చే మనకు ఆ ఒడుపు కొత్తేమీ కాదు. అయితే బరువంతా రెండు పాదాల మీదే మోపి రాతిని అలా నిలపడం మామూలు పనితనం కాదు.

ఆ పాదాలే చివరికి సాక్ష్యం చెప్పాయి. 1970లలో, అంతర్యుద్ధం నడుస్తుండగా, దొంగలు ఈ విగ్రహాలను చీలమండల దగ్గర విరగ్గొట్టి పట్టుకుపోయారు. పాదాలు పీఠాల మీదే ఉండిపోయాయి. భీముడు కాలిఫోర్నియాలోని నార్టన్ సైమన్ మ్యూజియం చేరాడు. దుర్యోధనుడు 2011లో న్యూయార్క్‌లో సోథబీస్ వేలానికి వచ్చాడు. అక్కడున్న విగ్రహం విరుపుకూ ఇక్కడున్న పాదాలకూ లంకె కుదిరిందని పరిశోధకులు తేల్చారు. కంబోడియా అడ్డుపడటంతో వేలం ఆగింది, అమెరికా ప్రభుత్వమే కోర్టుకెక్కింది. 2014లో ఇద్దరు వీరులూ స్వదేశం చేరారు.

అంతకు ముందే, 2013లో, మెట్రోపాలిటన్ మ్యూజియం ఇదే కో కేర్‌కు చెందిన మోకరిల్లిన పరిచారకుల విగ్రహాలు రెండింటిని వెనక్కి ఇచ్చేసింది. వాళ్ల తలలు, మొండేలు 1987 నుంచి 1992 దాకా విడివిడిగా, కానుకల పేరుతో అక్కడికి చేరాయట! తలను ఒకసారి, ఒంటిని ఇంకోసారి దానమిస్తుంటే ఇవి ఎక్కడివని అడగాలని ఎవరికీ తోచలేదంటే నమ్మడం కష్టమే.

ప్రసాత్ చెన్‌లోదే మరో శిల్పం, కలబడుతున్న వాలి సుగ్రీవులు. అది అంతర్యుద్ధానికి చాలా ముందే ఫ్నోమ్ పెన్ జాతీయ మ్యూజియానికి చేరింది కాబట్టి దొంగల పాలబడలేదు.

విదేశాల్లో మ్యూజియాలకు వెళ్లే మనవాళ్లు ఇప్పుడు ఎందరో. ఈసారి చీలమండల దగ్గర విరిగిన ఖ్మేర్ విగ్రహం కనబడితే పక్కనున్న చీటీ చదవండి. ఏ ఏడాది, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో రాసి లేకపోతే, అక్కడి సిబ్బందిని అడగండి.