చిన్న క్యాబినెట్‌లో మిల్లీమీటర్ల లెక్క

చిన్న డెస్క్‌టాప్ క్యాబినెట్‌లను లీటర్లలో పోల్చడం వాడుక. పొడవు, వెడల్పు, ఎత్తు గుణిస్తే ఆ అంకె వస్తుంది. ఇరవై లీటర్ల లోపు పెట్టెల్లో చాలావరకు మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డు కోసం చేసినవే. 2001లో తైవాన్ సంస్థ వయా రూపొందించిన ఈ బోర్డు 17 సెంటీమీటర్ల చదరం; మామూలు ఏటీఎక్స్ బోర్డు వైశాల్యంలో ఐదింట రెండు వంతులకు మించదు. బోర్డు ఇంతగా కుదించుకుపోయాక పెట్టె సైజును తేల్చేవి గ్రాఫిక్స్ కార్డు, కూలరు, ఎస్‌ఎంపీఎస్. ఈ మూడింటికీ చోటు ఎలా పంచారన్నదే మొదట చూడాలి.

పాత పద్ధతిలో కార్డు నేరుగా బోర్డు స్లాటులోకి దిగుతుంది. కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200 ఇలాంటిదే: 18 లీటర్ల పైచిలుకు పెట్టె, సుమారు 155 మి.మీ. ఎత్తున్న కూలరు పడుతుంది. రెండో పద్ధతిలో కార్డు బోర్డు వెనక్కి చేరి, వీపుకు వీపు ఆనించినట్టు నిలబడుతుంది. రెంటినీ రైజర్ కేబుల్ కలుపుతుంది. డాన్ ఏ4 ఎస్‌ఎఫ్‌ఎక్స్ ఇలాగే 7.2 లీటర్లకు దిగింది. అందుకు ప్రతిగా కూలరుకు 48 మి.మీ. మాత్రమే మిగిలింది.

ఈ పంపకం 10.4 లీటర్ల ఫ్రాక్టల్ టెర్రాలో కళ్లకు కడుతుంది. అందులో మధ్య గోడను అటూ ఇటూ జరపవచ్చు. కూలరుకు 77 మి.మీ. ఇస్తే కార్డు మందానికి 43 మిగులుతాయి. కార్డుకు 72 ఇస్తే కూలరుకు 48. ఎటు జరిపినా మొత్తం 120. గోడ కదలని పెట్టెల్లోనూ ఇదే లెక్క, ముందే ఎవరో తేల్చేసి ఉంటారంతే.

తర్వాత గాలి. కార్డు ఫ్యాన్లు, కూలరు ఫ్యాను చిల్లుల పలకకు దగ్గరగా ఉంటే బయటి చల్లగాలిని నేరుగా పీల్చుకుంటాయి. మధ్యలో రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉంటే అవి వదిలిన వేడిగాలే తిరిగి లోపలికి వస్తుంది. ఆ సందును ఫోమ్ చుట్టుతో మూస్తే ఉష్ణోగ్రత తగ్గుతుంది. సమీక్షల్లోని అంకెలు చాలావరకు 20-25 డిగ్రీల గదుల్లో తీసినవి. మండువేసవిలో 38 డిగ్రీలుండే తెలుగిళ్ల గదికి ఆ తేడా అంతా కలుపుకోవాల్సిందే.

వైర్ల చోటును చాలామంది మరిచిపోతారు. ఎస్‌ఎఫ్‌ఎక్స్ ఎస్‌ఎంపీఎస్ లోతు 100 మి.మీ., ఎస్‌ఎఫ్‌ఎక్స్-ఎల్ రకానిది 130. ఆ 30 మి.మీ. పోయేది సరిగ్గా వైర్లు వంగాల్సిన చోటే. కార్డు వెడల్పు కొలతలో కనెక్టరు, దాని నుంచి బయటికొచ్చే వైరు లెక్కలోకి రావు. పదహారు పిన్నుల కొత్త కనెక్టరు మొదట్లోనే వైరును మడిస్తే పిన్నులు సరిగా ఆనక వేడెక్కే ప్రమాదముంది.

రైజర్ కేబుల్ తరం కూడా చూడాలి. పీసీఐఈ 3.0 కేబుల్‌ను 4.0 బోర్డుకు తగిలిస్తే తెర వెలగకపోవచ్చు. బయోస్‌లో వేగాన్ని 3.0కు తగ్గిస్తే సర్దుకుంటుంది.

చివరగా, విప్పే వరుస. చాలా మినీ ఐటీఎక్స్ బోర్డుల్లో రెండో ఎస్‌ఎస్‌డీ స్లాటు బోర్డు వెనక ఉంటుంది. పెట్టెలో అక్కడ కిటికీ కోయకపోతే, ఆ చిన్న ముక్కను మార్చడానికి కూలరుతో సహా బోర్డంతా ఊడదీయాలి.