ఎస్ఎంపీఎస్‌ని క్యాబినెట్ బయట పెడుతున్నారా? ముందు ఎర్తింగ్ చూసుకోండి

పోయిన వేసవిలో నా మినీ ఐటీఎక్స్ పీసీ గేమ్ ఓపెన్ చేస్తే చాలు, 90 డిగ్రీలు దాటేది. చిన్న క్యాబినెట్ కదా, ఎస్ఎంపీఎస్ సరిగ్గా సీపీయూ కూలర్ నెత్తిమీదే ఉంటుంది. కూలర్‌కి గాలి ఆడదు. దాన్ని తీసి బయట పెట్టేస్తే పోలా అనుకున్నా. ఒక్క ఆదివారంలో పని అయిపోయింది, పీసీ కూడా చల్లబడింది. కానీ సాయంత్రం క్యాబినెట్ మీద చెయ్యి పెడితే జివ్వుమంది! ఆ తప్పు మీరు చేయకూడదనే ఇది రాస్తున్నా.

వైరు పొడవు పెరిగితే ఓల్టేజ్ పడిపోదా?

పడుతుంది, కానీ కొంచెమే. 8 పిన్ గ్రాఫిక్స్ కనెక్టర్ 150 వాట్లు లాగితే 12 ఓల్టుల దగ్గర 12.5 ఆంపియర్లు. అది మూడు వైర్లలో పంచుకుంటుంది, అంటే ఒక్కో వైరుకి సుమారు 4.2. 18 గేజ్ రాగి వైరు రెసిస్టెన్స్ మీటరుకి దాదాపు 21 మిల్లీ ఓమ్‌లు. 30 సెం.మీ. ఎక్స్‌టెన్షన్ వేస్తే, రానూపోనూ కలిపి పడేది 0.05 ఓల్టులే. ఏటీఎక్స్ స్టాండర్డ్ 5 శాతం వరకు, అంటే 0.6 ఓల్టుల దాకా ఒప్పుకుంటుంది.

3.3 ఓల్టుల లైన్‌లో మాత్రం ఆ హద్దు 0.165 ఓల్టులే. అందుకే ఎక్స్‌టెన్షన్‌కి ఇంకో ఎక్స్‌టెన్షన్ తగిలించొద్దు. వేరే ఎస్ఎంపీఎస్‌తో వచ్చిన మాడ్యులర్ కేబుల్స్ అసలే వాడొద్దు. బోర్డు వైపు పిన్నులు ఒకటే అయినా, ఎస్ఎంపీఎస్ వైపు కంపెనీని బట్టి మారతాయి. తప్పు కేబుల్ పెడితే బోర్డు, డ్రైవ్‌లు కాలిపోవచ్చు.

మరి ఆ జివ్వు ఎక్కడిది?

ఎస్ఎంపీఎస్ లోపల నాయిస్ తగ్గించడానికి ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి మెటల్ బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త లీకేజీ నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే బాడీ మీద 230లో సగం, అంటే దాదాపు 115 ఓల్టులు తేలుతూ ఉంటుంది. నేను చేసిన ఘనకార్యం ఏంటంటే, షెల్ఫ్ మీద పెట్టిన ఎస్ఎంపీఎస్‌కి వైరు అందక పాత ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడా. దాని ప్లగ్‌కి రెండే పిన్నులు. ఎర్త్ అక్కడే తెగిపోయింది.

లీకేజీ కరెంటు తక్కువ కాబట్టి జివ్వుమని వదిలేసింది. అదే లోపల ఇన్సులేషన్ పోయి ఫేజ్ నేరుగా బాడీకి తగిలితే? ఎర్త్ ఉంటే ఫ్యూజో ఎంసీబీయో కొట్టేస్తుంది. లేకపోతే ఆ దారి మనమే అవుతాం.

ఇంకో సంగతి. మామూలుగా ఎస్ఎంపీఎస్‌ని నాలుగు స్క్రూలతో క్యాబినెట్‌కి బిగిస్తాం. క్యాబినెట్‌కి గట్టి ఎర్త్ ఆ స్క్రూల ద్వారానే వస్తుంది. బయట పెడితే అది పోతుంది. మదర్‌బోర్డు నల్ల వైర్ల మీద ఆధారపడాల్సి వస్తుంది. వాటిని పీకితే అదీ ఉండదు.

నేను సరిచేసిన పద్ధతి

1. మూడు పిన్నుల వైరుని నేరుగా గోడ సాకెట్‌కి పెట్టా. ఆ సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించా.
2. 1.5 చదరపు మి.మీ. ఆకుపచ్చ వైరుకి రెండు చివరలా రింగ్ లగ్‌లు వేసి, ఎస్ఎంపీఎస్ బయటి స్క్రూ నుంచి క్యాబినెట్‌కి బిగించా. స్క్రూ కింద పెయింట్ గీకేయాలి, పెయింట్ మీద కరెంటు పారదు.
3. ప్లగ్ గోడ నుంచి తీసేసి, దాని లావు పిన్నుకీ క్యాబినెట్ మెటల్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టా. 1 ఓమ్ లోపే చూపించాలి.
4. కేబుల్స్ దూరే రంధ్రానికి రబ్బరు గ్రొమెట్ వేశా. రేకు అంచు ఇన్సులేషన్‌ని కోసేస్తుంది.
5. ఎస్ఎంపీఎస్ ఫ్యాన్ గోడకి ఆనకుండా పెట్టా.

ఒక్క మాట: ఎస్ఎంపీఎస్ మూత మాత్రం తీయొద్దు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 325 ఓల్టులు, కొన్నిట్లో ఇంకా ఎక్కువే ఉంటుంది. ప్లగ్ పీకాక కూడా అది కాసేపు నిలిచి ఉండొచ్చు. ఈ మోడ్‌కి మూత తీసే అవసరమే లేదు.

ఇప్పుడు నా పీసీ అదే గేమ్‌లో 80 దాటట్లేదు. ముట్టుకున్నా ఏమీ అనట్లేదు. మీరు కూడా చేస్తే, పవర్ బటన్ నొక్కే ముందు మూడో స్టెప్ మాత్రం వదలొద్దు.