సేవ చేయు చేయి

ఆసుపత్రిలో చేరు రోగి, ఉన్న రోగము పోగొట్టుకొనవలెనని చేరును. అచ్చట క్రొత్త రోగమొకటి తన్ను పట్టుకొనునని ఆతడు తలపడు. కాని అట్లు జరుగుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదికను చూడుడు. తీవ్రవ్యాధులకు చికిత్స చేయు ఆసుపత్రులలో చేరిన ప్రతి 100 మందిలో, సంపన్న దేశములందు 7గురు, అల్ప, మధ్య ఆదాయ దేశములందు 15 మంది, అచ్చట ఉన్న కాలములోనే ఏదో ఒక అంటునకు గురియగుచున్నారు. అట్లు గురియైనవారిలో పదిమందికొకరు ప్రాణములు కోల్పోవుచున్నారు.

ఈ అంటు ఎట్లు వచ్చును? కొన్ని వ్యాధులు గాలి వలన, కొన్ని నీటి వలన వ్యాపించుట నిజమే. కాని ఒక పడక నుండి మరియొక పడకకు సూక్ష్మజీవులను మోసికొనిపోవు ప్రధాన వాహనము వేరొకటి కలదు. అది సేవ చేయువారి చేయి. నాడి చూచునది, కట్టు మార్చునది, పక్క సర్దునది, మందు త్రాగించునది ఆ చేయియే. మేలు చేయవలెనని చాచిన చేయియే కీడును కూడ తెచ్చి పెట్టగలదు.

ఈ సంగతి గ్రహించుట మనకు కష్టము కాదు. మన ఇండ్లలో ఎంగిలి అను మాట కలదు. నోట పెట్టుకొన్న చేయి కంటికి శుభ్రముగనే యుండవచ్చును. ఐనను ఆ చేతితో అన్నపు గిన్నె ముట్టుకొననీయము. కంటికి కనబడనిది చేతికి అంటుకొనునను ఎరుక ఆ ఆచారములో ఉన్నది. ఆసుపత్రిలో ఈ ఎరుకను ఇంకొక మెట్టు ముందునకు కొనిపోవలెను. ఒక రోగిని తాకిన చేయి, కడుగువరకు, రెండవ రోగికి ఎంగిలి చేయియే.

ఈ సత్యము బయటపడి 175 సంవత్సరములు దాటినది. వియన్నా నగరపు పెద్ద ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగము లుండెడివి. మొదటిదానిలో వైద్యులు, వైద్యవిద్యార్థులు పురుడు పోసెడివారు. రెండవదానిలో మంత్రసానులు పోసెడివారు. 1846లో మొదటి విభాగమున నూటికి 11 మందికి పైగా బాలింతలు మరణించిరి. రెండవ విభాగమున ముగ్గురికి లోపుగనే మరణించిరి. కారణమేమని ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అను యువవైద్యుడు మథనపడెను. 1847లో ఆయన మిత్రుడు కొలెట్స్కా అను ఆచార్యుడు, శవపరీక్ష వేళ కత్తి గీచుకొని మరణించెను. ఆ దేహములో కనబడిన లక్షణములు సూతికాజ్వరముతో మరణించిన తల్లులలో కనబడినవే. సెమ్మెల్‌వైస్‌కు మర్మము తెలిసినది. విద్యార్థులు శవములను కోసిన చేతులతోనే ప్రసూతి గదికి వచ్చుచుండిరి. మంత్రసానులకు శవపరీక్షతో పని లేదు.

ఆ సంవత్సరము మే నెలలో, క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడుగుకొననిదే ఎవరును బాలింతను తాకరాదని ఆయన కట్టడి చేసెను. ఏప్రిల్‌లో నూటికి 18గా ఉన్న మరణములు జూలై నాటికి ఒకటి రెంటికి దిగినవి. ఐనను తోటి వైద్యులలో పలువురు ఆయన మాట అంగీకరింపలేదు. తమ చేతులే మృత్యువును తెచ్చినవని ఒప్పుకొనుట వారికి గౌరవభంగముగా తోచెను. సెమ్మెల్‌వైస్ 1865లో, 47వ యేట, ఒక పిచ్చాసుపత్రిలో కన్ను మూసెను.

నేడు ఈ సంగతి తెలియని వైద్యుడు లేడు, నర్సు లేదు. మరి తెలిసియు ఏల చేయకున్నారు? సోమరితనమనియు, నిర్లక్ష్యమనియు తీర్పు చెప్పుట తేలిక. జెనీవా విశ్వవిద్యాలయపు ఆసుపత్రులలో డిడియర్ పిట్టే అను వైద్యుడును, ఆయన సహచరులును 1994లో ఈ ప్రశ్నకు సమాధానము వెదకిరి. పని ఒత్తిడి పెరిగిన కొలది చేతులు శుభ్రపరచుకొనుట తగ్గుచున్నదని వారు కనుగొనిరి. పంపు ఒక మూల, రోగి ఒక మూల. గంటలో పలుమారులు అటు నడచి, కడిగి, తుడుచుకొని వచ్చుటకు నర్సుకు సమయ మేది? అందుచే వారు ఉపదేశముతో సరిపెట్టక, స్పిరిట్ ద్రవపు సీసాలను ప్రతి పడక యొద్దకు చేర్చిరి. చేతులు శుభ్రపరచుకొను సందర్భములు 1994లో నూటికి 48 ఉండగా, 1997 నాటికి 66 ఐనవి. ఆసుపత్రిలో సోకిన అంటు గలవారు నూటికి సుమారు 17 నుండి 10కి తగ్గిరి. అయితే ఈ మార్పు నర్సులలోను, వారి సహాయకులలోను కనబడినంతగా వైద్యులలో కనబడలేదు.

కావున మనము గ్రహింపవలసిన దొకటి. మంచి అలవాటు మనుష్యుని మంచితనము మీదనే ఆధారపడి యుండరాదు; అది పని జరుగు చోటి అమరికలోనే ఇమిడియుండవలెను. సబ్బు లేని పంపు ప్రక్కన చేతులు కడుగుకొనుడని పలక వ్రేలాడదీసిన ప్రయోజన మేమి?

చేతులు ఎప్పుడు శుభ్రపరచుకొనవలెను? 2009 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకములు ఐదు సమయములను చెప్పుచున్నవి. రోగిని తాకుటకు ముందు; సూది గ్రుచ్చుట, కట్టు కట్టుట వంటి శుద్ధమైన పనికి ముందు; నెత్తురు, చీము, మూత్రము వంటివి అంటునట్టి పని తరువాత; రోగిని తాకిన తరువాత; రోగిని తాకకున్నను, ఆతని మంచము, బల్ల, సెలైన్ స్టాండు వంటివి తాకిన తరువాత. వీనిలో కడపటిదానిని పలువురు మరచెదరు. స్పిరిట్ ద్రవముతో 20 నుండి 30 సెకండ్లు రుద్దుకొనిన చాలును. చేతికి మురికిగాని, నెత్తురుగాని కనబడునప్పుడు సబ్బు, నీరు తప్పవు. అప్పుడు మొత్తము 40 నుండి 60 సెకండ్లు పట్టును. వ్రేళ్ల సందులు, బొటనవ్రేలు, గోళ్ల కొనలు విడువరాదు.

చేతితొడుగులున్నవి గదా యని కొందరందురు. తొడుగు మడిబట్ట వంటిది కాదా? అవును. మడిబట్ట మైలను తాకిన మైలపడును. ఒకే తొడుగుతో నలుగురు రోగులను ముట్టి, అదే తొడుగుతో సెల్ ఫోను తీసినచో, రక్షణ పొందినది సేవకుని చర్మమే గాని రోగి కాడు. రోగికొక తొడుగు, తీసిన వెంటనే చేతి శుద్ధి.

ఇక సేవ చేయువారి క్షేమము. వాడిన సూదికి రెండు చేతులతో మరల మూత పెట్టరాదు. మన దేశపు 2016 నాటి నియమముల ప్రకారము సూదులు, కత్తులు గ్రుచ్చుకొనని తెల్లని డబ్బాలోను, నెత్తురంటిన దూది, గుడ్డలు పసుపు సంచిలోను, ప్లాస్టిక్ గొట్టములు ఎర్ర సంచిలోను, గాజు నీలపు పెట్టెలోను వేయవలెను. ఈ చెత్తను ఎత్తు కార్మికురాలికి సంచిలో ఏమున్నదో కనబడదు. రంగే ఆమెకు హెచ్చరిక. సూది గ్రుచ్చుకొన్నచో సబ్బు నీటితో కడిగి, వెంటనే పై అధికారికి తెలుపవలెను. ఎయిడ్స్ క్రిమిని అడ్డు మందు అవసరమైనచో 72 గంటలు దాటకుండ మొదలుపెట్టవలెను. ఎంత త్వరపడిన అంత మేలు. కామెర్లలో బి రకమునకు టీకా కలదు. దానిని ముందుగనే వేయించుకొనవలెను. దాచుట ప్రమాదము, దాచునట్లు భయపెట్టుట అంతకంటె ప్రమాదము.

అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున 103 అత్యవసర చికిత్సా విభాగముల ఫలితములు 2006లో వెలువడినవి. పెద్ద రక్తనాళములో గొట్టము వేయుటకు ఐదు నియమములు పెట్టిరి: చేతి శుద్ధి, రోగిని నిండుగ కప్పు శుద్ధవస్త్రములు, క్లోరోహెక్సిడిన్‌తో చర్మశుద్ధి, వీలైనంతవరకు తొడ మొదటిలోని నాళమును విడుచుట, అవసరము తీరిన వెంటనే గొట్టమును తీసివేయుట. వైద్యుడు ఒక మెట్టు తప్పినచో ఆపుటకు నర్సుకు అధికారమిచ్చిరి. గొట్టము నుండి నెత్తురునకు అంటుట, గొట్టము వేసియుంచిన ప్రతి 1,000 దినములకు సగటున 7.7 మారులు జరుగునది, ఏడాదిన్నరలో 1.4కు తగ్గినది.

ఆ ఐదింటిలో క్రొత్త విద్య ఒక్కటియు లేదు. క్రొత్తది ఆ ఆపు అధికారము. మన ఆసుపత్రులలో "సార్, చేతులు" అని పలుకుటకు ఒక చిన్న నర్సుకు ఎంత ధైర్యము కావలెనో మనమెరుగుదుము. "మంచిది, సిస్టర్" అని పెద్ద వైద్యుడు చిరునవ్వుతో పంపు వైపు మరలిన దినమున, ఆ వార్డులోని వారందరును నేర్చుకొందురు. రోగికి తోడుగా వచ్చి అన్నము పెట్టు తల్లికి, పక్క మార్చు కొడుకునకు కూడ అప్పుడే నేర్పవచ్చును. మన ఆసుపత్రులలో సేవలో సగము వారిదే.

మంచములో పడియున్న మనిషి మన చేతులను పరీక్షింపలేడు. మన చేతికి తన దేహమును అప్పగించి కన్నులు మూసికొనును. ఆ నమ్మకమునకు మనము చెల్లింపవలసిన వెల ముప్పది సెకండ్లు.